స్కేట్ స్కీయింగా, క్లాసిక్కా? కొండ మీద ఒక్క రోజుకు ఏది మేలు?

కాళ్లకు సన్నటి పొడవాటి స్కీలు తొడుక్కుని మంచు మీద జారుతూ పోయే క్రాస్-కంట్రీ స్కీయింగ్‌లో ఈ రెండూ రెండు పద్ధతులు. పొద్దున్నే వెళ్తే ట్రాక్ చూడముచ్చటగా ఉంటుంది. రాత్రి యంత్రం చదును చేసి వెళ్లిన మంచు, దువ్వెన పెట్టి దువ్వినట్టు సన్నటి చారలతో గట్టిగా ఉంటుంది. ఒక పక్కగా జంట గాడి, రైలు పట్టాల్లా. ఆ గాడి క్లాసిక్ వాళ్లది, మిగతా వెడల్పంతా స్కేట్ వాళ్లది.

క్లాసిక్‌లో రెండు స్కీలూ గాడిలో పెట్టి, నడకకీ పరుగుకీ మధ్యగా జారుతూ పోతాం. స్కేట్‌లో గాడితో పని లేదు. స్కీల ముందు కొసలు V ఆకారంలో ఎడంగా పెట్టి, ఒక కాలి లోపలి అంచుతో పక్కకు తన్ని, రెండో కాలి మీద జారాలి. వేగంలో స్కేట్‌దే పైచేయి, అందులో వాదన లేదు. 1982లో అమెరికన్ బిల్ కోచ్ ఒక కాలు గాడిలోనే ఉంచి రెండో కాలితో తన్నుకుంటూ వరల్డ్ కప్ కొట్టేశాడు. తర్వాత అందరూ అదే దారి పట్టడంతో, 1988 కాల్గరీ ఒలింపిక్స్ నాటికి క్లాసిక్‌కు వేరే రేసులు పెట్టి కాపాడుకోవాల్సి వచ్చింది.

కానీ మనం రేసులో లేం కదా! మనలాంటి వారాంతపు ఆటగాళ్లకు అసలు తేడా తెలిసేది ఎక్కుడులో. క్లాసిక్‌లో అలసిపోతే మామూలుగా నడిచేయొచ్చు. స్కేట్‌లో ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఎంత మెల్లగా వెళ్దామన్నా ప్రతి అడుగుకీ ఒంటికాలి మీద నిలబడాలి, తన్నాలి, చేతి కర్రలతో నెట్టాలి. వేగం తగ్గితే జారుడు పోతుంది, జారుడు పోతే ఇంకా కష్టం. పైగా ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచన. నా మొదటి సీజన్లో ఒక మోస్తరు ఎక్కుడు మధ్యలో కర్రల మీద వాలిపోయాను. కళ్లజోడు లోపలంతా ఆవిరి, ముక్కు చివర నుంచి చెమట చుక్కలు స్కీ మీద టప్‌టప్‌మని పడుతున్నాయి. మా అమ్మ వయసు ఉండే ఒకావిడ క్లాసిక్ స్కీల మీద, పాట కూడా ఆపకుండా, నన్ను దాటి వెళ్లిపోయారు. రోజూ పరిగెత్తేవాణ్ణని అప్పటిదాకా నాకు కాస్త గర్వం ఉండేది.

అలాగని క్లాసిక్‌కు తలనొప్పులు లేవా అంటే, వాక్స్, అంటే స్కీ అడుగున పూసే మైనం, ఒక్కటి చాలు. కాలు వెనక్కి జారకుండా స్కీ మధ్యలో పట్టు వాక్స్ పూయాలి, అదీ ఆ రోజు చలికి సరిపోయేది. సున్నా డిగ్రీల దగ్గర అయితే నరకమే: ఒక మలుపులో అడుగున మంచు ముద్దకడుతుంది, ఇంకో మలుపులో పట్టే ఉండదు. అడుగున బొచ్చు పట్టీ ఉన్న స్కిన్ స్కీలు తీసుకుంటే ఈ టెన్షన్ చాలావరకు పోతుంది, కాస్త జారుడు తగ్గినా. స్కేట్‌కు జారుడు వాక్స్ ఒక్కటి చాలు.

మరి ఏది? మంచునే అడగాలి. రాత్రి కొత్తగా మంచు కురిసి ట్రాక్ ఇంకా చదును చేయలేదా, క్లాసిక్. మైనస్ 15 కిందికి పోయిందా, మంచు ఇసుకలా పట్టేస్తుంది, అప్పుడూ క్లాసికే. గట్టి ట్రాక్, మైనస్ అయిదు, ఎండ ఉందంటే మాత్రం కళ్లు మూసుకుని స్కేట్. లయ దొరికాక ఒక్క తన్నుకు నాలుగైదు మీటర్లు చప్పుడు లేకుండా జారిపోయే ఆ హాయి క్లాసిక్‌లో నాకెప్పుడూ దొరకలేదు. జీవితంలో మొదటిసారి స్కీ ఎక్కేవాళ్లు మాత్రం క్లాసిక్‌తోనే మొదలుపెట్టండి, మధ్యాహ్నానికే నాలుగు కొండ మలుపులు చూసి రావచ్చు.

ఒక జాగ్రత్త: కర్రలు రెంటికీ ఒకటి కావు. స్కేట్‌వి గడ్డం దాకా, క్లాసిక్‌వి భుజం దాకా ఉండాలి. ఒకసారి బద్ధకించి క్లాసిక్ కర్రలతోనే స్కేట్ చేశాను, రెండు రోజులు నడుం ఎత్తలేకపోయాను.

ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే, పొద్దున రెండు గంటలు స్కేట్. ఎండకు మంచు మెత్తబడి, తన్నినప్పుడల్లా అంచు లోపలికి దిగబడుతోందంటే ఆపేస్తాను. భోజనం అయ్యాక స్కిన్ స్కీలు తీసి, అడవి నీడలో గాడి ఇంకా గట్టిగా ఉన్న వైపు వెళ్తాను.