రామప్ప దారిలో రెండు రకాల కల్లు

ములుగు రోడ్డు పక్కన ఒక డేరాలో సీసాకు 60 రూపాయలు పెట్టి తాగింది కల్లు కానే కాదు. పాలలా తెల్లగా ఉంది, నురగా బాగానే ఉంది. కానీ మింగిన తర్వాత కూడా తీపి నాలుకను వదల్లేదు, దాని వెనకే సన్నటి చేదు. చక్కెర బదులు వాడే శాకరిన్ వేస్తే ఉండే రుచి అది. చెట్టు కల్లు తీపి గొంతు దిగగానే పోతుంది. అసలు మధ్యాహ్నం రెండింటికి కల్లు అంత తియ్యగా ఉందంటేనే అనుమానించాలి. పొద్దున దింపిన కల్లయితే అప్పటికి చక్కెర చాలావరకు ఆల్కహాల్‌గా మారి పులుపు తేలుతుంది.

సగం సీసాకే మా బావమరిది కారులో పడి నిద్రపోయాడు. సాయంత్రం ఆరింటికి లేచాడు, లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన ఆ రోజుకు గోవిందా. పైగా అలిగింది ఆయనే! కల్తీ కల్లులో తరచూ పట్టుబడేవి ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమత్తు మందులు. వాటికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. నాలుకతో ఈ మందులను పట్టుకోలేం. అందుకే చెట్టు కనబడని చోట కల్లు కొనొద్దు.

మర్నాడు పాలంపేట. 1213 నాటి రామప్ప గుడి, నల్లరాతి మదనికలు, నంది. అన్నీ చూడాల్సినవే, అందరూ రాసినవే. గుడికంటే ముందు, ఆరున్నరకే తాటివనంలోకి వెళ్లాం.

మోకు, ముస్తాదు లాంటి చెట్టెక్కే సరంజామాతో కల్లు గీసే గౌడన్న పైకెక్కి, గెల కొసను గీత కత్తితో కాగితమంత పల్చగా చెక్కాడు. ఆ గాటు రోజూ కొత్తగా పడాలి, ఆరిపోతే ధార ఆగిపోతుంది. నిండిన లొట్టి (కల్లు కుండ) దించి, ఖాళీది కట్టాడు. లొట్టి సరిగా కడగకపోతే అడుగున మిగిలిన మడ్డి కొత్త కల్లును గంటల్లోనే పులియబెడుతుంది. లోపల సున్నం రాస్తే పులవడం ఆగుతుంది, అలా పులవని తీపి రసమే నీరా.

లీటరు 80 అన్నాడు, బేరమాడలేదు. తాటాకు పట్టలో పోశాడు. మొదట పచ్చి తాటిముంజ వాసన, తర్వాత కొబ్బరినీళ్లకంటే చిక్కటి తీపి, చివర్లో నాలుక మీద సూదుల్లా గ్యాస్. అదే లొట్టిలోది తొమ్మిదిన్నరకు మళ్లీ పోయించుకుంటే తీపి సగమై, పలచటి మజ్జిగ పులుపు వచ్చింది. నాకైతే ఇదే నచ్చింది, పక్కన 20 రూపాయల బొబ్బెర గుడాలు (అలసంద గుగ్గిళ్లు) ఉంటే ఇంకా. ఐస్ మాత్రం వేయకండి, వాసన చచ్చిపోతుంది.

"ఎండెక్కక ముందే తాగాలె అన్నా, పొద్దూకితే ఊకె పులుసే," అన్నాడు గౌడన్న. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ తన పని కానిచ్చాక బ్యాక్టీరియా అందుకుంటుంది. తెల్లారేసరికి వెనిగర్ దారి పడుతుంది.

ఇంటికి రెండు లీటర్లు తెచ్చాం. సీసాలు మూడొంతులే నింపి, మూతలు వదులుగా పెట్టాలి. బిగిస్తే గ్యాస్‌కు ఉబ్బి పేలతాయి. ఆత్మకూరు దగ్గర కారాపి ఒకసారి మూతలు తీస్తే, బుస్సుమని నురగ సీటంతా పారింది. బావమరిది అప్పుడు కూడా నోరు విప్పలేదు.