నెలలు నిండేకొద్దీ కాళ్ల వాపులు: దిండు మేలా, ప్రెషర్ సాక్స్ మేలా, ఉప్పునీళ్లు మేలా?

ఏడో నెల దాటాక సాయంత్రానికి పాదం మీద చెప్పు పట్టీ అచ్చు పడుతోందంటే కాళ్లకు నీరు దిగినట్టే. కాళ్ల నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర వెన్నెముకకు కుడిపక్కన ఉంటుంది. పెరిగిన గర్భసంచి దాన్ని నొక్కుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోమనేది అందుకే.

పగలు నడుం వాల్చే వీలున్నవాళ్లకు ఇదే మేలు, పైసా ఖర్చు లేదు. ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య ఒక దిండు, పాదాలు కాస్త ఎత్తులో ఉండేలా ఇంకొకటి పెట్టుకుని 20 నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు. పాదాల్ని పైకీ కిందికీ 30 సార్లు ఆడిస్తే పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది. వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనించడం మాత్రం వద్దు. బరువంతా ఆ సిర మీదే పడి కళ్లు తిరుగుతాయి.

బడిలోనో, బట్టల కొట్టులోనో పొద్దంతా నిలబడేవాళ్లకు దిండు ఎక్కడిది? వాళ్లకు కాలిని బిగువుగా పట్టి ఉంచే ప్రెషర్ సాక్సే దారి. ఎంత బిగువుది కావాలో డాక్టర్‌ని అడగండి. కొలత పొద్దున్నే, వాపు లేనప్పుడు, చీలమండ పైన సన్నటి చోటా, పిక్క లావైన చోటా తీసుకోవాలి. మంచం దిగకముందే తొడగాలి. మడమ దాకా తిరగేసి, పాదం దూర్చి, కొంచెం కొంచెంగా పైకి లాగాలి. పొట్ట అడ్డొస్తుంది కాబట్టి ఇంకొకరి సాయం కావాలి. పైఅంచు మడతపడితే అక్కడ తాడు బిగించినట్టై కింద వాపు ఇంకా పెరుగుతుంది. పడుకునేముందు విప్పేయాలి. మన ఎండల్లో వీటితో ఉక్కపోత తప్పదు.

వేడి ఉప్పునీళ్లకు మూడో స్థానమే. ఉప్పు చర్మంలోంచి నీటిని లాగదు. పైగా వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, కాళ్లు వేలాడుతూనే ఉంటాయి. హాయి కోసమైతే చల్లనీళ్లు, పది నిమిషాలు.

తాగే నీళ్లు తగ్గిస్తే వాపు తగ్గదు. ఉప్పు పూర్తిగా మానక్కర్లేదు, ఊరగాయ, అప్పడాలు తగ్గిస్తే చాలు. మెట్టెలు మాత్రం వేళ్లు ఉబ్బకముందే తీసేయండి.

ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బినా, తగ్గని తలనొప్పి, చూపు మసక, కుడి డొక్క పైన నొప్పి ఉన్నా, బీపీ 140/90 చేరినా దిండ్లూ సాక్సులూ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.