20 లీటర్ల డ్రై బ్యాగ్: కొండకు సరే, సముద్రానికి?

తిరుపతిలో ట్రెక్కింగ్ సామాను అమ్మే ఒక దుకాణంలో వెయ్యి రూపాయల లోపే దొరికిన ఈ డ్రై బ్యాగ్, అంటే సామానుకు నీరు తగలకుండా దాచుకునే పీవీసీ సంచి, తలకోన బాటల్లో వాన నుంచి బట్టలను కాపాడుతుందనడంలో సందేహం లేదు. అయితే సముద్రం మీద ఒంటరిగా సాగే దూరపు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ప్రయాణంలో దానిని నమ్ముకోవచ్చా అంటే, పడవలో దానిని ఎక్కడ పెడుతున్నారన్న దానిపై జవాబు ఆధారపడి ఉంటుంది.

వాకాడు మండలంలోని తూపిలిపాళెం తీరం నుంచి ఉత్తరానికి సాగిన ప్రయాణంలో మార్చి నెలలోని ఒక రోజును ఇందుకు ఎంచుకున్నాను. దక్షిణాన శ్రీహరికోట నిషేధిత ప్రాంతం. పైగా ఫిబ్రవరి నుంచి మే వరకు మన తీరం వెంట ప్రవాహం ఉత్తర దిశగానే ఉంటుంది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే మరపడవలు ఒడ్డుకు చేరతాయి కనుక, ఆపదలో కేకేస్తే పలికేవారుండాలనుకునే ఒంటరి ప్రయాణికుడికి మార్చియే మేలు.

సంచి మొదటి లోపం బయలుదేరకముందే తెలిసింది. 5 మీటర్ల పొడవున్నా 60 సెంటీమీటర్ల వెడల్పు కూడా లేని కయాక్‌లో సామాను పట్టే అరల మూతలు చిన్నవి. గుండ్రటి గట్టి అడుగున్న ఈ సంచి ముందు అరలోకి దూరనే లేదు. వెనుక ఉన్న పెద్ద అరలోకి సైతం సగం ఖాళీగా దూర్చి, ఆ తర్వాత చేయి పెట్టి నింపవలసి వచ్చింది. పైగా మూతిని కనీసం మూడు మడతలు చుడితేనే నీరు ఆగుతుంది, అంచు దాకా నింపితే రెండు మడతలకు మించి పడవు. కాబట్టి 20 లీటర్లన్నది పేరుకే, వాడుకకు అందులో నాలుగింట మూడు వంతులకు మించి చోటు లేదు. లోపలి వైపు నలుపు కావడంతో చిన్న వస్తువులను తడిమి వెతకాలి.

వెనుక అరలో మూత కింద ఉన్నంతసేపు మాత్రం దీనికి వంక పెట్టలేను. మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకుని కెరటాలు డెక్ (పడవ పైభాగం) మీదుగా దాటుతూ, అరలోకి కొద్దిగా నీరు చేరినా, బట్టలు పొడిగానే ఉన్నాయి. నీటిమట్టానికి దిగువన ఉండటం వల్ల ఎండ తగలక ఉదయం కట్టిన పులిహోర కూడా చెడలేదు, కాకపోతే ఆ ఇంగువ వాసన ఇప్పటికీ సంచిని వదల్లేదు.

అదే రకం సంచిని మరొకదానిని పరీక్ష కోసం డెక్ మీద తాళ్ల కింద కట్టాను. సాయంత్రం ఒడ్డు దగ్గర విరిగే అలల్లోంచి దిగేటప్పుడు అది కొంతసేపు నీటిలో మునగడంతో, లోపల ఉంచిన పాత దినపత్రిక సగం తడిసింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. లేబుల్ మీద నీటిని ఎంతవరకు ఆపగలదో చెప్పే రేటింగ్ ఐపీఎక్స్6, అంటే జోరుగా చిమ్మే నీటిని తట్టుకుంటుందన్న హామీ మాత్రమే. 1 మీటరు లోతున 30 నిమిషాలు మునిగినా తట్టుకోవాలంటే ఐపీఎక్స్7 ఉండాలి. ‘నీళ్లలో ముంచినా ఏం గాదు సార్’ అన్న దుకాణదారు మాట ఆ లేబుల్‌తోనే పొసగదు.

ఒంటరి ప్రయాణికుడు మరో సంగతి గమనించాలి. పడవ బోల్తాపడి చేతికి అందకుండా పోతే ఒంటి మీద ఉన్న వస్తువులే మిగులుతాయి. అందువల్ల దగ్గరి పడవలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో, ఈల, పొగ సంకేతం వంటివి ఎంత మంచి సంచిలోనైనా పెట్టకుండా లైఫ్ జాకెట్ జేబుల్లోనే ఉంచుకోవాలి. తాగునీటిని సీసాల్లో సీటు వెనుక అడుగున పెడితే పడవ నిలకడగా ఉంటుంది, దానికి ఈ సంచి అవసరమే లేదు.

ఇదే డబ్బుకు పలుచటి నైలాన్‌తో చేసిన 8 లేదా 10 లీటర్ల సంచులు రెండు దొరికితే కయాక్‌కు అవే తీసుకోవాలని నా సలహా. కోసుగా ఉండే ముందు అరలోకి అవి సులువుగా ఒదుగుతాయి. ఇప్పటికే ఇది కొన్నవారు ప్రతి సాయంత్రం మూతిని బిగించే ప్లాస్టిక్ బకిల్‌ను మంచినీటితో కడగాలి. ఉప్పు పేరుకుంటే అది బిగుసుకుపోతుంది, విరిగితే విడిగా ఇవ్వడానికి ఆ దుకాణంలో బకిళ్లు లేవు.