సూపర్‌స్టార్: రికార్డా, సినిమానా?
కడప జిల్లాలో నాటకమంటే మొదట రంగస్థలమే. 1885లో సురభి నాటకాలు పుట్టింది ఇక్కడి సురభి గ్రామంలోనే. యేసు చివరి రోజుల కథను చెప్పే రాక్ సంగీత నాటకం 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' దారి దీనికి తలకిందులు. ప్రదర్శనకు పెట్టుబడి దొరకక స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్, గీత రచయిత టిమ్ రైస్ దాన్ని 1970లో రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ పళ్ళేల) రికార్డుగా తెచ్చారు. న్యూయార్క్ రంగస్థలమైన బ్రాడ్‌వేలో ప్రదర్శన 1971లో, సినిమా 1973లో వచ్చాయి.

రికార్డులో కంటికి పనిలేదు, బరువంతా గొంతుదే. యేసు పాడే 'గెత్సెమనే' పాటలో డీప్ పర్పుల్ రాక్ బృందం గాయకుడు ఇయాన్ గిలాన్ ప్రార్థించడు, దేవుడితో తగవుకు దిగుతాడు. వెనుక గిటార్లూ గరుకుగానే ఉంటాయి. సినిమాలో అదే పాటను టెడ్ నీలీ బాగా పాడాడు, కాదనను. కానీ కెమెరా అతని ముఖం చూపగానే నా ఊహకు పని తగ్గిపోతుంది.

యేసును పట్టించిన శిష్యుడు జూడాస్ విషయంలో మాత్రం నా ఓటు సినిమాకే. రికార్డులో మర్రే హెడ్ గొంతులో చిరాకు ఎక్కువ. సినిమాలో కార్ల్ ఆండర్సన్ కోపంలో స్నేహితుణ్ని పోగొట్టుకుంటున్న బాధ కూడా ఉంది. ఇజ్రాయెల్‌లో తీసిన ఆ ఎండ, ఆ బోడి గుట్టలు సీమవాసులకు కొత్తేమీ కాదు. జూడాస్ వెంట యుద్ధ ట్యాంకులను తోలడం మాత్రం అతిగా అనిపించింది.

మేరీ మగ్దలీన్, శిష్యుడు పీటర్ కలిసి పాడే 'కుడ్ వి స్టార్ట్ అగైన్ ప్లీజ్' రికార్డులో లేదు, బ్రాడ్‌వే కోసం చేర్చారు. మేరీగా ఇవాన్ ఎలిమన్, రోమన్ అధికారి పిలాతుగా బారీ డెన్నెన్ రికార్డు, బ్రాడ్‌వే, సినిమా మూడింటిలోనూ ఉన్నారు కనుక ఆ ఇద్దరి కోసం ఏది ఎంచుకున్నా నష్టం లేదు.