సెర్చ్ కంపెనీల బ్లాగులు: ఒకే టపాని మూడుచోట్ల పెట్టి చూశాను

మొన్న ఒకాయన మెయిలు పెట్టారు. "గోడ గడియారం లోలకం ఊపిన రెండు నిమిషాలకే ఎందుకు ఆగిపోతుందో మీరెప్పుడో రాశారట, ఆ లింకు ఇస్తారా?" అని. రాసిన మాట నిజమే, 2005లో. గడియారం పెట్టె ఒక పక్కకి ఒరిగితే టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉండదు, చాలాసార్లు రోగం అదే, మిషను విప్పక్కర్లేదు అని రాశాను.

ఆ రోజుల్లో నాకో పిచ్చి ఉండేది. ఏ సెర్చ్ కంపెనీ బ్లాగు సేవ తెరిచినా అందులో ఖాతా పుచ్చుకుని, అదే టపాని, అంటే బ్లాగులో పెట్టిన రాతని, అక్కడా అతికించేవాణ్ణి. అలా గూగుల్ వారి బ్లాగర్‌లో, మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్ఎన్ స్పేసెస్‌లో, యాహూ 360లో ఒకటే లోలకం ఊగింది. ఇప్పుడు వెతికితే ఒక్కచోటే దొరికింది. బ్లాగర్‌లో. ఆ లింకు పంపేసి, ఇన్నాళ్లుగా బాకీపడ్డ సమీక్ష ఇదిగో రాస్తున్నాను.

బ్లాగర్ గూగుల్ కడుపున పుట్టిన బిడ్డ కాదు. పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ 1999 ఆగస్టులో మొదలుపెడితే 2003 ఫిబ్రవరిలో గూగుల్ కొనుక్కుంది. 2004 మేలో దాని రూపు మార్చారు. కామెంట్లు వచ్చాయి, ఒక్కో టపాకి విడిగా ఒక పేజీ వచ్చింది. ఈ రెండోది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, సెర్చ్‌లో దొరకాలంటే ప్రాణం అక్కడే ఉంది. అంతకుముందు నెల మొత్తం రాతలు ఒకే పొడుగాటి పేజీలో ఉండేవి. సెర్చ్ నుంచి వచ్చినవాడు లోలకం కోసం వచ్చి, నా ప్రయాణాలూ పంటినొప్పీ అన్నీ దాటుకుంటూ కిందికి పోవాల్సిందే. ఆ మార్పుతో పాటే డగ్లస్ బౌమన్ అనే డిజైనరు తయారుచేసిన మినిమా టెంప్లేటు, అంటే బ్లాగు రూపుకి ఒక అచ్చు, వచ్చింది. తెల్లటి నేల, నల్లటి అక్షరాలు, అంతే. నేను ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

లోపాలూ ఉండేవి. అప్పట్లో టెంప్లేటులో ఒక్క రంగు మారిస్తే బ్లాగులోని పేజీలన్నీ మళ్లీ తయారుకావాలి. తెరమీద శాతం అంకె మెల్లిగా కదులుతుంటే చూస్తూ కూర్చోవడమే. 2006లో కొత్త బ్లాగర్ వచ్చాకే ఆ పీడ వదిలింది. టపాలకి విషయాన్నిబట్టి తగిలించే లేబుళ్లు కూడా అప్పుడే వచ్చాయి. లోకంలోని పేజీలన్నిటికీ వరస పెట్టే కంపెనీ, నా టపాలని ఒక వరసలో పెట్టుకునే వీలు ఇవ్వడానికి మూడేళ్లు తీసుకుంది!

ఎంఎస్ఎన్ స్పేసెస్ 2004 డిసెంబరులో వచ్చింది. అప్పటిదాకా అరువు ఫలితాలతో నడిచిన మైక్రోసాఫ్ట్ సొంత సెర్చ్ ఇంజన్‌ని బయటికి తెస్తున్న రోజులవి. స్పేసెస్ బలమంతా మైక్రోసాఫ్ట్ చాటింగ్ సేవ మెసెంజర్‌లో ఉంది. నేను ఏదైనా రాయగానే స్నేహితుల జాబితాలో నా పేరు పక్కన ఒక చుక్క మెరిసేది, అది నొక్కి వచ్చేవాళ్లు. అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండేది. చిక్కల్లా ఏమిటంటే, వచ్చేవాళ్లంతా ముందే తెలిసినవాళ్లు. వాళ్లకి గడియారాలతో పనిలేదు, నాతోనే పని.

యాహూ 360 కథ కూడా అలాంటిదే. 2005 మార్చిలో పిలిచినవాళ్లకే తలుపు తీసింది. ఏ రాత ఎవరికి కనబడాలో మనమే తేల్చుకునే ఏర్పాటు ఉంది, అది నాకు నచ్చింది. అంతకుమించి చెప్పడానికి ఏమీ గుర్తులేదు, అదే దాని మీద నా సమీక్ష అనుకోండి.

ఈ సెర్చ్ కంపెనీలకి మన రాతల మీద అంత మోజు ఎందుకంటే, గూగుల్ పేజీలకి విలువ కట్టేది లింకుల్ని బట్టి. అడక్కుండానే ఒకరికొకరు లింకులు ఇచ్చుకునే జాతి బ్లాగర్లది. ఏ పేజీ మంచిదో కూలి లేకుండా చెప్పి పెట్టేవాళ్లం మనమే. పైగా ఇతరుల పేజీల మీద గూగుల్ ప్రకటనలు పెట్టే యాడ్‌సెన్స్ 2003లోనే వచ్చింది, ప్రకటనలు అతికించడానికి గోడలు కావాలి. యాహూ కూడా ఊరుకోలేదు. సెర్చ్ కంపెనీ ఇంక్‌టొమినీ, సెర్చ్ ప్రకటనల కంపెనీ ఓవర్చర్‌నీ కొని, అప్పటిదాకా వాడుకున్న గూగుల్ ఫలితాలకి 2004 ఫిబ్రవరిలో సెలవు చెప్పింది. ఆస్క్ జీవ్స్ అనే ఇంకో సెర్చ్ కంపెనీ అయితే బ్లాగులు రాయించడం మానేసి, చదివించే బ్లాగ్‌లైన్స్‌ని 2005లో కొంది. తెలివైన బేరమే, నిలబెట్టుకోలేకపోయింది.

ఇంతలా కొట్టుకున్నవాళ్లు ఒక్కసారి మాత్రం ఏకమయ్యారు. కామెంట్లలో చెత్త లింకులు కుప్పలుగా పడుతుంటే, 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ మూడూ కలిసి నోఫాలో గుర్తు తెచ్చాయి. అది తగిలించిన లింకుకి అప్పట్లో విలువ లెక్కకట్టేవారు కాదు. చెత్త తగ్గిందా అంటే నాకు పెద్దగా తేడా కనబడలేదు. నిజాయితీగా కామెంటు పెట్టి తన బ్లాగు లింకు ఇచ్చుకున్నవాడికి మాత్రం ఆ కాస్త విలువా పోయింది.

ఈ పోటీ మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన వస్తువు ఏదంటే 2005 సెప్టెంబరులో వచ్చిన గూగుల్ బ్లాగ్ సెర్చ్. అది బ్లాగర్‌వాళ్లనే కాదు, కొత్త రాతల్ని బయటికి అందించే ఫీడు ఉన్న ఏ బ్లాగునైనా చూసేది. ఫలితాలని తేదీల వారీగా పేర్చుకోవచ్చు. పొద్దున రాసింది సాయంత్రానికి దొరికేది. దాన్నీ మూసేశారు. బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్‌నీ 2013 జులై 1న మూసేశారు. రాసేచోటు ఉంచి, చదివే దారులు ఒక్కొక్కటే తీసేయడం నాకిప్పటికీ మింగుడుపడదు.

యాహూ 360 అయితే 2009 జులైలోనే పోయింది. స్పేసెస్‌ని కాస్త మర్యాదగా సాగనంపారు. 2010 సెప్టెంబరులో సుమారు 3 కోట్ల మంది వాడుకరులకి వర్డ్‌ప్రెస్.కామ్ అనే వేరే బ్లాగు సేవకి దారి చూపించి, 2011 మార్చిలో తాళం వేశారు. నేను వెళ్లలేదు, బద్ధకం. ఆ తర్వాత యాహూ 2013లో 110 కోట్ల డాలర్లు పోసి టంబ్లర్ అనే బ్లాగు సేవని కొంది. అప్పటికి నాకు ఖాతాలు తెరిచే ఓపిక పోయింది.

ఇలాంటి మకాం మార్పుల్లో ఒకసారి, ఏ సేవలో అన్నది వదిలేయండి, నా కామెంట్లన్నీ గల్లంతయ్యాయి. టపా పోతే మళ్లీ రాసుకోవచ్చు. "స్ప్రింగు విప్పేటప్పుడు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకో నాయనా, నా వేలు చూస్తే తెలుస్తుంది" అని ఒక పెద్దాయన పెట్టిన కామెంటు మళ్లీ ఎక్కణ్ణుంచి తేను?

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్లాగర్ తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. ఖర్చు లేదు, రాసింది నిలబడుతోంది, సొంత డొమైను, అంటే మన పేరుతో వెబ్ చిరునామా, తగిలించుకోవచ్చు. టపాలూ కామెంట్లూ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలుగా దించుకోవచ్చు. బొమ్మలు మాత్రం ఆ ఫైలులో రావు, వాటి లింకులే వస్తాయి. ఫొటోలు విడిగా దాచుకోండి. కొత్త హంగుల కోసమైతే ఇటు రావద్దు. అయిదుకి మూడున్నర. ఆ అర నా మినిమాకి.

అన్నట్టు, ఆ మెయిలు పెట్టినాయన నుంచి జవాబొచ్చింది. పెట్టెని ఎడమవైపు కాస్త ఎత్తి, కింద మడతపెట్టిన అట్టముక్క దోపితే టిక్కూ టక్కూ కుదిరాయట. ఆ మాటే టపా కింద కామెంటుగా పెట్టమన్నాను. పెట్టారు. ఫైలు మళ్లీ దించుకోవాలి.