సొంత కరెన్సీయా, ఉమ్మడి యూరోయా? ఫిన్లాండ్, డెన్మార్క్, స్వీడన్ దారుల్లో ఏది మేలు?

యూరో వల్ల దేశాల సార్వభౌమత్వం ఏమవుతోందన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి గ్రీసు దగ్గరికే చేరుతుంది. 2015 వేసవిలో అక్కడ బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి ఇవ్వలేదు, జూలై 5న 61 శాతం మంది రుణదాతల షరతులు వద్దని ఓటేసినా జూలై 13కల్లా ప్రభుత్వం కఠిన షరతులకు తల ఊపింది. ఇదంతా చూసినవారు మరో ఉదాహరణ వెతకకపోవడం సహజమే. అయితే కరెన్సీ మంచిచెడ్డలు తేల్చడానికి గ్రీసు అంత మంచి కొలత కాదు. అక్కడ అప్పుల భారం, తప్పుడు లెక్కలు, పన్నుల వసూలులో అసమర్థత, ఉమ్మడి కరెన్సీ అన్నీ కలగాపులగమై, దేని పాపం ఎంతో విడదీయడం కష్టం. దాదాపు ఒకే రకమైన దేశాలు వేర్వేరు దారులు పట్టిన చోటును చూస్తే విషయం తేటపడుతుంది. ఐరోపా ఉత్తరాన అలాంటి చోటు ఒకటుంది. ఫిన్లాండ్ యూరోలో చేరింది. డెన్మార్క్ తన క్రోన్‌ను ఉంచుకుని దాని విలువను యూరోకు స్థిరమైన రేటుతో కట్టేసింది. స్వీడన్ తన క్రోనాను ఉంచుకుని దాని విలువను తేల్చే పని మార్కెట్‌కు వదిలేసింది. మూడూ చిన్న, సంపన్న, సంక్షేమ రాజ్యాలు, మూడింటా బలమైన కార్మిక సంఘాలున్నాయి, మూడూ ఐరోపా సమాఖ్య సభ్యులే.

డెన్మార్క్ కథ 1992 జూన్ 2న మొదలైంది. ఐరోపా సమాఖ్యకూ ఉమ్మడి కరెన్సీకీ పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని ఆ రోజు డేన్ ఓటర్లు 50.7 శాతంతో తిరస్కరించారు. ఆ ఏడాది డిసెంబరులో ఎడిన్‌బరోలో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఉమ్మడి కరెన్సీతో సహా నాలుగు అంశాల్లో డెన్మార్క్‌కు మినహాయింపు దొరికింది, 1993 మేలో జరిగిన రెండో ఓటింగ్‌లో ఒప్పందం గట్టెక్కింది. 2000 సెప్టెంబరు 28న కరెన్సీ సంగతిని విడిగా అడిగితే 53.2 శాతం మళ్లీ వద్దన్నారు. అంటే సొంత కరెన్సీని ఉంచుకునే హక్కును డేన్లు చట్టబద్ధంగా, బాహాటంగా సంపాదించుకున్నారు.

స్వీడన్‌కు అలాంటి మినహాయింపు లేదు. 1995లో సమాఖ్యలో చేరినప్పుడే ఎప్పుడో ఒకప్పుడు యూరోలోకి వస్తామని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2003 సెప్టెంబరు 14న ఓటర్లను అడిగింది. ఓటింగ్‌కు నాలుగు రోజుల ముందు, యూరో పక్షాన ప్రచారం చేస్తున్న విదేశాంగ మంత్రి అన్నా లిండ్‌ను స్టాక్‌హోమ్‌లోని ఒక దుకాణంలో కత్తితో పొడిచారు, మర్నాడు ఆమె మరణించింది. సానుభూతితో ఫలితం మారుతుందని చాలామంది అనుకున్నా దాదాపు 56 శాతం వద్దనే ఓటేశారు. చేరతామన్న మాట ఒప్పందంలో ఉంది, చేరొద్దన్న తీర్పు ప్రజల దగ్గర ఉంది. పాము చావకుండా కర్ర విరగకుండా స్వీడన్ ఒక ఉపాయం పట్టింది. యూరోలోకి వెళ్లే దేశం ముందుగా కనీసం రెండేళ్లు తన కరెన్సీని నిర్ణీత హద్దుల్లో నిలిపే మారకపు ఏర్పాటులో ఉండాలి. ఆ ఏర్పాటులో చేరడం ఐచ్ఛికం, కాబట్టి స్వీడన్ అందులో చేరదు. అర్హత రాదు కాబట్టి యూరోలో చేరే ప్రశ్నే రాదు. ఇది తెలివైన పనే, ముచ్చటైన పని మాత్రం కాదు.

ఫిన్లాండ్ ప్రజలను అడగనే లేదు. 1998 వసంతంలో పార్లమెంటు తీర్మానించింది, 1999 జనవరి 1న ఆ దేశం తొలి సభ్యుల్లో ఒకటైంది, ఒక యూరోకు 5.94573 మార్కాల చొప్పున పాత కరెన్సీ చరిత్రలో కలిసింది. దీన్ని ఆర్థిక నిర్ణయమని మాత్రమే చదివితే అపార్థమవుతుంది. సోవియట్ యూనియన్ కూలి తూర్పు వాణిజ్యం ఆవిరైనప్పుడు, ఇంటి దగ్గర బ్యాంకుల సంక్షోభం కూడా తోడై, ఫిన్లాండ్‌లో నిరుద్యోగం కొద్ది ఏళ్లలో సుమారు 3 శాతం నుంచి 16 శాతం దాటింది. 1991 నవంబరులో మార్కా విలువ తగ్గించారు, అది చాలక 1992 సెప్టెంబరులో దాన్ని తేలడానికి వదిలేశారు. సుమారు 1,340 కిలోమీటర్ల సరిహద్దును రష్యాతో పంచుకుంటూ అప్పటికి ఏ సైనిక కూటమిలోనూ లేని దేశానికి, పశ్చిమ ఐరోపా నిర్ణయాలు తీసుకునే ప్రతి గదిలోనూ తానుండాలన్న పట్టుదల అర్థం చేసుకోదగినదే. మార్కాను వదులుకోవడం వల్ల సార్వభౌమత్వం తగ్గిందని స్వీడన్‌లో అనుకునేవారున్నారు. హెల్సింకిలో దాన్ని సార్వభౌమత్వానికి భద్రత కొనుక్కోవడంగానే చూశారు.

ఇక ఈ దారుల్లో ఏది ఎలా పనిచేసిందో చూడాలి. 2008 సంక్షోభం మూడింటికీ ఒకేసారి వచ్చింది. స్వీడిష్ క్రోనా ఆ ఏడాది మధ్యలో యూరోకు సుమారు 9.4 దగ్గర ఉండేది, 2009 తొలి నెలల్లో 11 దాటింది, అంటే దాని విలువ పడిపోయింది. స్వీడిష్ ఎగుమతిదారుల సరుకు ఎవరి జీతమూ కోయకుండానే విదేశీ కొనుగోలుదారుకు చవకైంది. 2009లో స్వీడన్ జీడీపీ 4, 5 శాతం మధ్య పడింది, మరుసటి ఏడాదే సుమారు 6 శాతం లేచింది. ఫిన్లాండ్ జీడీపీ అదే 2009లో 8 శాతం దాకా కుంగింది. ఆ పైన నోకియా ఫోన్ల వ్యాపారం కుప్పకూలి 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది, పత్రికలకూ ముద్రణకూ వాడే కాగితానికి గిరాకీ ప్రపంచమంతా పడిపోయింది. ఇంత దెబ్బ తిన్నా కరెన్సీ విలువ తగ్గించుకునే వీలు లేదు. యూరో వడ్డీ రేటు ఇరవైకి దగ్గరైన దేశాల సగటును చూసి నిర్ణయమవుతుందే గాని ఫిన్లాండ్ కోసం కాదు.

కరెన్సీతో చేయలేని సర్దుబాటును జీతాలతో చేయాల్సి వచ్చింది. 2016లో ప్రధాని యుహా సిపిలా ప్రభుత్వ హయాంలో కుదిరిన పోటీతత్వ ఒప్పందం ప్రకారం, అదనపు జీతం లేకుండా ఏడాదికి 24 గంటలు ఎక్కువ పనిచేయాలి, ప్రభుత్వ ఉద్యోగుల సెలవు బోనస్‌లో 30 శాతం కోత, యజమానులు కట్టే సామాజిక బీమా చందాల్లో కొంత భాగం ఉద్యోగుల మీదికి బదలాయింపు. 24 గంటలంటే రోజుకు సుమారు ఆరు నిమిషాలు. చూడ్డానికి చిన్నదే. కానీ ఆ ఆరు నిమిషాల కోసం ప్రభుత్వం, యజమానులు, సంఘాలు ఏడాదికి పైగా పెనుగులాడాయి, సమ్మెలు జరిగాయి, 2020 వేతన చర్చల్లో చాలా పరిశ్రమల్లో సంఘాలు వాటిని తిరిగి తీసేయించుకున్నాయి. స్వీడన్‌లో క్రోనా పడ్డప్పుడు కూడా సామాన్యుడి కొనుగోలు శక్తి తగ్గింది. ఆ తగ్గుదలను మాత్రం ఎవరూ చర్చించి సంతకాలు పెట్టనక్కర్లేదు, మార్కెట్ ఒక్క పూటలో చేసేసింది. నా దృష్టిలో రెండింటి మధ్య అసలు తేడా ఇదే. నష్టం ఏ దారిలోనైనా తప్పదు, ఫిన్లాండ్ దారిలో అది నెమ్మదిగా, కక్షలు పెంచుతూ దిగుతుంది.

అలాగని నోకియా పతనాన్ని యూరో ఖాతాలో రాయడం అన్యాయం. స్టోరా ఎన్సో అన్న స్వీడిష్ ఫిన్నిష్ సంస్థ 2021 ఏప్రిల్‌లో రెండు కాగితపు మిల్లులు మూసేస్తున్నట్టు ఒకే ప్రకటనలో చెప్పింది. ఒకటి ఫిన్లాండ్‌లో కెమి దగ్గరి వేయిత్సిలువొటో, రెండోది స్వీడన్‌లోని క్వార్న్‌స్వేదెన్. ఒకచోట జీతాలు యూరోల్లో, రెండోచోట క్రోనాల్లో. వార్తాపత్రికలు కొనేవాళ్లు తగ్గిపోయాక ఏ కరెన్సీ అయితేనేం.

స్వీడన్ చేతిలోని సాధనానికి కూడా రెండు అంచులున్నాయి. 1992 సెప్టెంబరులో అప్పటి కట్టుడు రేటును కాపాడే ప్రయత్నంలో స్వీడన్ కేంద్ర బ్యాంకు రిక్స్‌బ్యాంక్ ఒక దశలో వడ్డీని 500 శాతానికి పెంచి, నవంబరులో ఓడిపోయి క్రోనాను వదిలేసింది. ప్రపంచంలోకెల్లా పాతదైన, 1668 నాటి ఆ కేంద్ర బ్యాంకు ఆ అవమానం నుంచి ఒక పాఠం నేర్చుకుంది. 2 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం, ఆ తర్వాత బడ్జెట్ మిగులు నియమం, ప్రభుత్వ అప్పు తగ్గింపు, అన్నీ దాని వెంటే వచ్చాయి. ఆ క్రమశిక్షణ లేకుండా తేలే కరెన్సీ ఒక్కటే ఉంటే ఫలితం వేరుగా ఉండేది. క్రమశిక్షణ ఉన్నా తప్పులు ఆగలేదు. 2010 మధ్య నుంచి 2011 మధ్య వరకు రిక్స్‌బ్యాంక్ వడ్డీని 0.25 నుంచి 2 శాతానికి పెంచింది. అది తొందరపాటని బ్యాంకు లోపలే వాదించిన ఉప గవర్నరు లార్స్ స్వెన్సన్ 2013లో బయటికి వచ్చేశాడు, 2015లో అదే బ్యాంకు సున్నా కిందికి దిగింది. యూరో వడ్డీని నిర్ణయించే, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు కూడా 2011లో రెండుసార్లు వడ్డీ పెంచి అలాగే వెనక్కి తగ్గింది. స్వీడన్ తప్పు మీద స్టాక్‌హోమ్‌లో స్వీడిష్ భాషలో వాదన నడిచింది, పార్లమెంటు పిలిచి ప్రశ్నించగలిగింది, దిద్దుబాటు అక్కడే జరిగింది. ఫ్రాంక్‌ఫర్ట్ తప్పు మీద ఫిన్నిష్ ఓటరు ఎవరిని నిలదీయాలో చెప్పడం కష్టం. సార్వభౌమత్వం అన్న పెద్ద మాటకు నాకు కనిపించే ఆచరణాత్మకమైన అర్థం ఇదే.

2022, 2023లో ఈ సాధనం రెండో అంచు చూపింది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత చిన్న కరెన్సీల మీద నమ్మకం తగ్గి, క్రోనా ఒక దశలో యూరోకు దాదాపు 12కి పడిపోయింది. స్వీడన్ ద్రవ్యోల్బణం 10 శాతం దాటింది, దిగుమతులు ప్రియమయ్యాయి. గృహరుణాల్లో అధిక భాగం మారే వడ్డీ మీదే ఉన్నందున, ఏడాదిన్నరలో సున్నా నుంచి 4 శాతానికి ఎక్కిన రేటు నేరుగా ఇంటి ఖర్చులో కనిపించింది. టోర్నె నది ముఖద్వారం దగ్గర ఫిన్లాండ్ వైపు టోర్నియో, స్వీడన్ వైపు హపరాండా అనే రెండు ఊళ్లు ఆనుకుని ఉన్నాయి. గడియారాల్లో గంట తేడా, జేబుల్లో వేరే కరెన్సీ. క్రోనా పడితే యూరోలు పట్టుకుని నది దాటి కొనుగోళ్లకు వచ్చేవాళ్లకు లాభం. హపరాండా జీతగాడికి మాత్రం అవతలి ఒడ్డున కాఫీ కూడా ఖరీదే. స్వీడన్‌లో యూరో చర్చ మళ్లీ తలెత్తింది ఇలాంటి రోజుల్లోనే.

డెన్మార్క్ గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే అది తక్కువే నిర్ణయిస్తుంది. యూరోకు 7.46038 క్రోన్ల కేంద్ర రేటు, దాని చుట్టూ 2.25 శాతం హద్దు. వడ్డీ రేటు పనల్లా ఆ కట్టును కాపాడటమే. 2008 అక్టోబరులో ప్రపంచమంతా వడ్డీ తగ్గిస్తుంటే, క్రోన్ బలహీనపడటంతో డానిష్ కేంద్ర బ్యాంకు పెంచాల్సి వచ్చింది. 2015 జనవరిలో స్విట్జర్లాండ్ తన ఫ్రాంక్ కట్టును వదిలేశాక పెట్టుబడిదారులు తర్వాతి వంతు డెన్మార్క్‌దేనని క్రోన్ల కొనుగోలు మీద పడ్డారు. మూడు వారాల్లో నాలుగుసార్లు వడ్డీ తగ్గించి మైనస్ 0.75 శాతానికి తెచ్చారు, ప్రభుత్వ బాండ్ల జారీ ఆపేశారు, విదేశీ మారకాన్ని గుట్టలుగా కొన్నారు. కట్టు నిలిచింది. ఫ్రాంక్‌ఫర్ట్ నిర్ణయాలను డెన్మార్క్ చాలావరకు అనుసరిస్తుంది గాని ఆ నిర్ణయాలు చేసే పాలకమండలిలో దానికి కుర్చీ లేదు. ఫిన్లాండ్ కేంద్ర బ్యాంకు గవర్నరుకు అక్కడ కుర్చీ ఉంది, ఓటు వంతులవారీగా వస్తుంది. సార్వభౌమత్వం కోణం నుంచి చూస్తే డెన్మార్క్‌ది రెంటికీ చెడ్డ రేవడి స్థితి అనిపిస్తుంది. అయినా డెన్మార్క్ బాగానే ఉంది, అప్పు తక్కువ, ఎగుమతులు బలం. కరెన్సీ విధానమే దేశ భాగ్యాన్ని నిర్ణయిస్తుందనే వాదనకు ఇదే పెద్ద అడ్డు. వడ్డీ మీద అధికారం లేకపోయినా డేన్ల దగ్గర తాళం చెవి ఒకటి మిగిలింది, అవసరమైతే కట్టు విప్పుకోవచ్చు. యూరో నుంచి బయటికి వచ్చే దారిని ఒప్పందాల్లో ఎక్కడా రాయలేదు. 2022 జూన్‌లో రక్షణ రంగపు మినహాయింపును 66.9 శాతం ఓట్లతో వదులుకున్న డేన్లు, కరెన్సీ మినహాయింపు జోలికి మాత్రం పోలేదు.

భారతదేశంలో ఇన్ని రాష్ట్రాలు ఒకే రూపాయితో నెగ్గుకొస్తున్నప్పుడు ఐరోపాకేమి కష్టమని మనవాళ్లు అడుగుతుంటారు. తెలంగాణకో ఆంధ్రప్రదేశ్‌కో వేరే వడ్డీ రేటు లేదు, నిజమే. కానీ పంచదగిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పోవాలని 15వ ఫైనాన్స్ కమిషన్ చెప్పింది. ఐరోపా సమాఖ్య బడ్జెట్ మొత్తం సభ్య దేశాల ఆదాయంలో సుమారు ఒక శాతమే. ఫిన్లాండ్ కుంగినప్పుడు ఆదుకునే కేంద్ర ఖజానా లేదు. పైగా 2011లో గ్రీసు సహాయ నిధికి తన వాటా ఇవ్వడానికి ఫిన్లాండే విడిగా పూచీ అడిగి తీసుకుంది.

నా తీర్పు స్వీడన్ వైపే మొగ్గుతుంది, అయితే స్వీడన్ కోసం మాత్రమే. సొంత తప్పును సొంతంగా దిద్దుకునే సంస్థలు, తక్కువ అప్పు, లెక్కల్లో నిజాయతీ ఉన్న దేశానికి తేలే కరెన్సీ మేలు. బలహీనమైన క్రోనా అందుకు చెల్లించే మూల్యం. ఫిన్లాండ్ 1998లో చేసింది తప్పని అనలేను, దాని సరిహద్దు వేరు. ఇప్పుడు ఫిన్లాండ్ నాటోలో ఉంది, ప్రభుత్వ అప్పు 2008లో జీడీపీలో మూడో వంతు ఉన్నది 80 శాతం దాటింది. నాటి భద్రతా కారణం కొంత పలుచబడ్డా, ఈ అప్పుతో వెనక్కి రావడం చేరడం కంటె చాలా ప్రమాదకరం. 1997 నుంచి తన లెవ్‌ను స్థిరమైన రేటుకు కట్టేసుకుని వడ్డీ మీద ఏ అధికారమూ లేకుండా గడిపిన బల్గేరియా 2026 జనవరి 1న యూరోలో చేరడంలో మాత్రం నాకు తర్కం కనిపిస్తుంది. డెన్మార్క్ లాంటి స్థితి నుంచి ఫిన్లాండ్ లాంటి స్థితికి మారినందువల్ల అది కొత్తగా పోగొట్టుకున్నది స్వల్పం, పాలకమండలిలో కుర్చీ మాత్రం దక్కింది. తేలే కరెన్సీలతో ఉన్న పోలండ్, చెక్ దేశాలకు ఆ లెక్క వర్తించదు.