స్టార్టప్‌కి ఫండింగ్ తెప్పిస్తామనేవాళ్లకి డబ్బు కట్టకండి, నా రెండేళ్ల గడువు కూడా పోయింది

నిన్న రాత్రి మాదాపూర్ నుంచి తిరిగొచ్చాను. నిద్ర పట్టలేదు. ఇంకా కోపంలోనే రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఆ రీల్స్ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. కోటు వేసుకుని "ఐడియా ఉంటే చాలు, 90 రోజుల్లో ఫండింగ్" అనే మనిషి. పేరు రాయను, చూసినవాళ్లకి అర్థమవుతుంది. మాది ఖమ్మం. మిర్చి యార్డులో తేమ ఉందని చెప్పి రైతుకి రేటు కోసేస్తుంటారు కదా, ఆ తేమ ఎంతో అక్కడికక్కడే చూపించే చిన్న పరికరం నేనూ మా తమ్ముడూ తయారుచేశాం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కూడా పెట్టాం. పెట్టుబడి ఎలా తేవాలో మాత్రం తెలియదు. అది నేర్చుకుందామనే వెళ్లాను.

రెండు రోజుల వర్క్‌షాప్‌కి 4,999. హోటల్ హాల్లో ఒకటిన్నర రోజు చప్పట్లు, గెలిచినవాళ్ల కథలు. రెండో రోజు మధ్యాహ్నం "పర్సనల్ మెంటార్‌షిప్" 80,000, ఆ రోజే కట్టాలి. తర్వాత సీడ్ ఫండ్‌కి, అంటే కొత్త కంపెనీలకి కేంద్ర ప్రభుత్వ పథకం కింద వచ్చే తొలి పెట్టుబడికి, "గవర్నమెంట్ ఫీజు, ఫైలింగ్" అని ఇంకో 25,000. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి కట్టాను. ఇప్పటికీ వడ్డీ కడుతున్నా.

ముందు డీపీఐఐటీ (స్టార్టప్‌లని గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం) గుర్తింపు పత్రం తెప్పించి ఫోటో పంపారు. సంతోషపడ్డాను. పిచ్ డెక్, అంటే పెట్టుబడిదారులకి కంపెనీ గురించి చూపించే స్లైడులు, పంపితే ఏడో స్లైడులో వేరే కంపెనీ పేరుంది. అడిగితే టెంప్లేట్ అన్నారు. నమ్మాను. ఆ రోజే అనుమానం రావాల్సింది, రాలేదు. తర్వాత అయిదు నెలలు ఒకటే మాట: "ఫైల్ ప్రాసెస్‌లో ఉంది సార్."

పోయిన వారం ఆగలేక నేనే ఒక ఇంక్యుబేటర్‌కి (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే సంస్థ, ఈ సీడ్ ఫండ్ వీళ్ల ద్వారానే వస్తుంది) ఫోన్ చేశాను. అక్కడి మేడమ్ ఓపిగ్గా వెతికి చెప్పారు, "మీ కంపెనీ పేరుతో దరఖాస్తే రాలేదండీ." ఫీజు కట్టానంటే ఆవిడే కంగారుపడ్డారు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌కి ఫీజే లేదట. ఆన్‌లైన్‌లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు, మూడు ఇంక్యుబేటర్ల దాకా ఎంచుకోవచ్చు. డీపీఐఐటీ గుర్తింపు కూడా ఉచితమే. చివరికి కంపెనీ ఎప్పుడు రిజిస్టరైందని అడిగారు. తేదీ చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "రెండేళ్లు దాటి తొమ్మిది రోజులైందండీ" అన్నారు.

2021లో మొదలైన ఈ పథకంలో ప్రోటోటైప్‌కీ, పరికరం పరీక్షలకీ 20 లక్షల దాకా గ్రాంటుంది. మార్కెట్లోకి వెళ్లడానికైతే అప్పుగానో, కన్వర్టబుల్ డిబెంచర్ల (తర్వాత వాటాగా మార్చుకోగల అప్పు పత్రాలు) మీదో 50 లక్షల దాకా ఇస్తారు. కానీ దరఖాస్తు పెట్టే నాటికి కంపెనీకి రెండేళ్లు దాటకూడదు. వాళ్ల దగ్గర చేరేనాటికి నా చేతిలో అయిదు నెలలున్నాయి. ఆ అయిదు నెలలూ వాళ్లే తినేశారు.

నిన్న ఆఫీసుకి వెళ్లి అడిగాను. డబ్బు కట్టకముందు "సార్, రండి సార్" అన్న మనిషి కుర్చీలోంచి లేవలేదు. "ఫైలింగ్ సపోర్ట్ అంటే ఎలా పెట్టాలో చెప్పడం బ్రదర్. పెట్టాల్సింది నువ్వు. చదువుకోకుండా ఖమ్మం నుంచి వచ్చి స్టార్టప్ అంటే ఎట్లా?" అన్నాడు. అక్కడ కొత్త బ్యాచ్‌లో చేరడానికి వచ్చిన పిల్లలు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే అన్నాడు. మరి 25,000 ఏ ప్రభుత్వానికి కట్టారో రసీదు చూపించమన్నాను. సెక్యూరిటీని పిలిచాడు. చదువుకోలేదనే కదా నేర్చుకోవడానికి నీ దగ్గరికొచ్చింది! ఆ మాట అక్కడ నోటికి రాలేదు, బస్సెక్కాక వచ్చింది.

తప్పు నాదీ ఉంది. ఒక్కసారి పోర్టల్ తెరిచి చదివి ఉంటే తెలిసేది. ఇంగ్లీషులో ఉందని భయపడి ఇంకొకరి చేతిలో పెట్టాను.

ఇవాళ పొద్దున మా వీధిలోని సీఏ గారి దగ్గర కూర్చుంటే, అన్నాళ్ల మెంటార్‌షిప్‌లో రానిది గంటలో అర్థమైంది. కంపెనీ విలువ 2 కోట్లని ఒప్పుకుని 50 లక్షలు తీసుకుంటే, ఆ 2 కోట్లు పెట్టుబడికి ముందు లెక్కైతే ఇచ్చే వాటా 20 శాతం. పెట్టుబడి కలిపిన లెక్కైతే 25 శాతం. కాగితంలో ఏ మాట రాశారో చూడకుండా సంతకం పెట్టొద్దన్నారు. చిన్న మొత్తానికైతే ముందు బ్యాంకులో ముద్రా లోను అడగమన్నారు, దానికి తాకట్టు అక్కర్లేదట. ఆయన పైసా తీసుకోలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, పోలీసులకీ రాసిచ్చాను. మీరు ఎవరికైనా డబ్బు కట్టే ముందు కంపెనీ రిజిస్టరైన తేదీ చూసుకోండి, పథకం నియమాలు సొంతంగా చదవండి, గవర్నమెంట్ ఫీజంటే చలానా అడగండి.

వచ్చే ఆదివారం విజయవాడలో వాళ్లదే ఇంకో బ్యాచ్ ఉంది. మీవాళ్లెవరైనా పేరిచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి ఆపండి.